రొయ్యల గోదాంలో చైనా జంట

రంగూన్ టీ దుకాణాల్లో కూర్చునే పీటలు ఏటేటా పొట్టివైపోతున్నాయి. ఇది నా అనుమానం కాదు, నా మోకాళ్ళ అభిప్రాయం. వెనకటికి ఊరి నడిబొడ్డున చౌక్తడాలో ఆఫీసు మెట్లు దిగి టీకి వెళ్తే పీట మీద కూర్చునేవాణ్ణి. ఇప్పుడు పీట మీదకి దిగుతున్నాను, మళ్ళీ లేవడానికి పక్క బల్ల వాళ్ళ సహకారం కోరుతున్నాను. యజమానితో చెబితే అతను మర్యాదగా నవ్వి, పీటలు అవేనన్నాడు. అంటే మారినది నేనని. వినియోగదారుడితో అలా మాట్లాడకూడదు.

మోకాళ్ళను తిట్టుకుంటున్నప్పుడల్లా నాకొక ఆటగత్తె గుర్తుకొస్తుంది. ఆమె బతుకంతా మోకాళ్ళ మీదే ఉండేది. ఆమె సంగతి చెప్పాలంటే ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి.

1988 వానాకాలంలో నేను పజుందౌంగ్ వాగు ఒడ్డునున్న ఒక ఐసు ప్లాంటులో అసిస్టెంట్ ఇంజినీరుగా ఉన్నాను. నా పైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, నా కింద ఫోర్‌మన్, అతని కింద కంప్రెసర్ ఆపరేటర్లు, వాళ్ళ కింద దిమ్మలు మోసేవాళ్ళు. సంతకం పైవాడిది, చెమట కిందివాళ్ళది. మధ్యలో నాకు జవాబుదారీ మిగిలేది. ఫోర్‌మన్ అప్పలస్వామి, నేనూ ఒకే రకం మనుషులం. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడి ఓడరేవులో మూటలు మోయడానికి వచ్చారు. ఆ తరవాత మా వాళ్ళు నన్ను చదివించారు, వాళ్ళ వాళ్ళు అతన్ని పనిలో పెట్టారు. అందువల్ల అతను నన్ను బాబూ అనేవాడు, నేను అతన్ని మావా అనేవాణ్ణి. ప్లాంటును నిజంగా ఎవరు నడుపుతున్నారన్న ప్రశ్న మా మధ్య ఎప్పుడూ రాలేదు.

ఐసు చేసే పద్ధతి పెద్ద రహస్యమేమీ కాదు. అమ్మోనియా వాయువును కంప్రెసర్లో నొక్కి, చల్లార్చి, మళ్ళీ వదిలితే అది చుట్టుపక్కల వేడిని లాగేసుకుంటుంది. దానితో ఒక పెద్ద ఇనపట్యాంకులోని ఉప్పునీటిని చల్లబరుస్తాం. ఈ ఉప్పు కూరలో వేసుకునేది కాదు, కాల్షియం క్లోరైడ్. అది కలిసిన నీరు మామూలు నీరు గడ్డకట్టే చలిలో కూడా గడ్డకట్టదు. ఆ ఉప్పునీట్లో మంచినీళ్ళు పోసిన రేకు డబ్బాలు దింపితే కొన్ని గంటలకి దిమ్మలు తేలుతాయి. గట్టి దిమ్మ మంచి దిమ్మ. చేపల పడవ సముద్రం మీదకి వెళ్ళి వచ్చేదాకా కరగకపోతే అది మా ప్రతిభ. మా వృత్తిలో అంతకు మించిన సౌందర్యశాస్త్రం లేదు.

జూలైలో చౌక్తడాలోని మా పెద్దాఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. చైనా నుంచి మంచు మీద నాట్యం చేసే బృందం ఒకటి స్నేహపూర్వకంగా రాబోతోంది, వాళ్ళకి ఐసు నేల కావాలి, మా ప్లాంటుకి ఆనుకుని ఉన్న రొయ్యల గోదాం ఖాళీగా ఉంది కాబట్టి అందులో వేయాలి. రంగూన్‌లో వానాకాలంలో ఐసు నేల! మా ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు ఉత్తర్వు రెండుసార్లు చదివి, చాలా ఆసక్తికరమైన పని అని నాకు అప్పగించి, రక్తపోటు కారణంగా సెలవు పెట్టాడు.

రబ్బరు గొట్టాలు కుట్టిన చాపలు చైనా నుంచి ఓడలో వచ్చాయి. గోదాం నేల మీద వరిపొట్టు పరిచి, దాని మీద ఇసక చదును చేసి, చాపలు పరిచి, వాటికి విడిగా ఒక చిన్న ట్యాంకు కట్టి, ఆ గొట్టాల్లోకి మా ఉప్పునీటిని పంపాం. పైన మంచినీళ్ళు చిలకరించాలి. ఒక్కసారి పోస్తే పగుళ్ళొస్తాయి. పలచగా చిలకరించి, అది గడ్డకట్టాక మళ్ళీ చిలకరించి, పొర మీద పొర పెంచాలి. రేకుల కప్పు నుంచి ఆవిరి చుక్కలై పడి ఐసు మీద మొటిమల్లా గడ్డకట్టేది. దిమ్మలు పగలగొట్టే ఉలులతో మావాళ్ళు వాటిని చెక్కేవాళ్ళు. పని పూర్తయ్యాక మేమందరం గర్వంగా చూసుకున్నాం. రాయిలా ఉంది. రొయ్యల వాసన మాత్రం పోలేదు.

బృందం కన్నా ముందు ఐసు పరీక్షించడానికి ఒక జంట వచ్చింది. ఆమె పేరు లాన్, అతని పేరు గు. జంట స్కేటింగ్‌లో ప్రమాదం ఎక్కువ కాబట్టి ముందు వాళ్ళు చూసి సరేననాలిట. వాళ్ళ వెంట దుబాసీగా టాన్ సయామ ఉండేది. సయామ అంటే బర్మాలో టీచరమ్మ. ఆమె ఈ ఊరి చైనా కుటుంబాల మనిషే, ఒక బడిలో లెక్కలు చెప్పేది.

లాన్ బూట్లు కట్టుకుని ఐసు మీదకి దిగింది. ఒక చుట్టు తిరిగింది. గాల్లోకి ఎగరడానికి బూటు ముందున్న పళ్ళను ఐసులో గుచ్చగానే ముక్కలు లేచి చిమ్మాయి, ఆమె నడుం మీద పడింది. లేచి మంచు దులుపుకుని, నా వైపు చూసి ఏదో అంది. టాన్ సయామ తర్జుమా చేసింది.

“ఇది చేపల కోసం చేసిన ఐసు అంటోంది.”

నిజమే మరి. ఆటగాళ్ళకి కావలసినది మెత్తని ఐసు, పన్ను దిగాలి, పట్టుకోవాలి, వదలాలి. మాకు తెలిసినది కాఠిన్యం ఒక్కటే. ఏళ్ళ తరబడి ఐసును గట్టిపరచడమే ఉద్యోగం చేసుకున్న చోటికి ఒక పిల్ల వచ్చి దాన్ని మెత్తబరచమంది. అప్పలస్వామి రెండు రోజులు మనసు కష్టపెట్టుకున్నాడు. తరవాత ఉప్పునీటి చలి కొన్ని డిగ్రీలు తగ్గించి, చిలకరించే నీళ్ళు మరగబెట్టి, ఆమె సరేననేదాకా చేశాడు. మరగబెట్టిన నీళ్ళలో గాలి ఉండదు, ఐసు స్వచ్ఛంగా వస్తుంది. ఆమె మడమతో తట్టి, చప్పుడు విని, తలూపింది. ఆ తలూపుకి ఇచ్చినంత గౌరవం అతను నాకెప్పుడూ ఇచ్చినట్టు గుర్తులేదు.

వాళ్ళ సాధన పొద్దున్నే మొదలయ్యేది. ముందు బూట్లు లేకుండా వాగు ఒడ్డు రేవు మీద ఎత్తడాలు. గు ఆమెను నడుం దగ్గర పట్టుకుని ఒక్క ఊపులో తల పైకి ఎత్తి, చేతులు పూర్తిగా చాచి, గుండ్రంగా నడిచేవాడు. ఆమె పైన చేతులు విప్పి చిరునవ్వు నవ్వేది. కిందకి దిగగానే ఆ నవ్వు ఆరిపోయి తగాదా మొదలయ్యేది. దిమ్మలు మోసేవాళ్ళు వరసగా కూర్చుని చూసేవాళ్ళు. ఎత్తే విద్యలో వాళ్ళకీ ప్రవేశం ఉంది కదా.

“మన దిమ్మలు నవ్వవు బాబూ, అదొక్కటే తేడా,” అన్నాడు అప్పలస్వామి.

తరవాత ఐసు మీద విసురు. గు ఆమెను విసిరేస్తే ఆమె గాల్లో తిరిగి, దూరంగా ఒంటి కాలి మీద దిగాలి. దిగే ప్రతిసారీ ఆ బరువంతా ఒక మోకాలి మీద పడేది. ఇంకొక విన్యాసంలో గు ఒకచోట బొంగరం ములుకులా నిలబడితే, ఆమె అతని చెయ్యి పట్టుకుని తల ఐసుకి తగిలేంత కిందకి వాలి చుట్టూ తిరిగేది. దాన్ని చూసి మా కంప్రెసర్ ఆపరేటరు ఒకడు కళ్ళు మూసుకున్నాడు. అమ్మోనియా లీకైనా పరిగెత్తని మనిషి.

వాళ్ళిద్దరూ భార్యాభర్తలా అన్నది ప్లాంటులో ముఖ్యమైన చర్చ. “ఆల్లు మొగుడూ పెళ్ళాలేటి బాబూ?” అని అప్పలస్వామి నన్ను అడిగితే, నేను టాన్ సయామను అడిగాను, ఆమె లాన్‌ను అడిగింది. లాన్ మొదటిసారి నిజంగా నవ్వింది. కాదుట. తొమ్మిదేళ్ళ వయసులో బడికొచ్చిన కోచ్ ఆమె మణికట్టు, మోకాళ్ళు, తల్లి ఎత్తు చూసి ఎంపిక చేశాడట. గు అప్పటికే ఇంకొక అమ్మాయికి జంట. ఆ అమ్మాయి ఒక ఏడాదిలో ఇంత పొడుగు పెరిగేసరికి ఇంటికి పంపించేశారట. ఆ ఖాళీలోకి లాన్ వచ్చింది. అప్పటినుంచి ఇద్దరూ రోజూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటున్నారు. ఐసు దిగాక పట్టుకోవాలన్న కోరిక ఇద్దరికీ లేదట.

“పద్నాలుగేళ్ళు మోసినాడు గదా. పెళ్ళే నయం,” అన్నాడు అప్పలస్వామి. ఈ మాట తర్జుమా చేయవద్దని నేను టాన్ సయామకు సైగ చేశాను. ఆమె చేసేసింది. గు చాలాసేపు తలూపాడు.

వాగు అవతల తాకేటాలోని ఇంటి నుంచి అప్పలస్వామి పెళ్ళాం గారెలు పంపేది. లాన్ ఒకటి వాసన చూసి మొత్తం గు వైపు తోసేది. మోసేవాడు తినాలి, మోయించుకునేది తినకూడదు అనేది ఆమె సూత్రం. ఆమెకి ఇరవై మూడు నిండాయి. వెనక ఇంకొక జంట తయారవుతోంది, ఆ పిల్ల వయసు పదిహేను, బరువు చెప్పుకోదగ్గది కాదు. చలికాలం ముందు వాళ్ళ దేశపు జట్టుకి ఎంపిక పోటీ ఉంటుంది. అందులో ఒక్క జంటకే చోటు. లాన్ కొత్త విసురు ఒకటి సాధన చేస్తోంది, అది కుదిరితే చోటు వాళ్ళది, కుదరకపోతే ఆ పిల్లది. రెండు వారాలు ఐసు దొరక్కపోతే కాళ్ళు మరిచిపోతాయని ఆమె టాన్ సయామతో మామూలుగా, బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది.

ఇంతలో ఆగస్టు వచ్చింది. ఆ ఆగస్టు సంగతి చాలామంది రాశారు, నేను ప్లాంటు వరకే చెబుతాను. ప్రభుత్వం దిగిపోవాలని ఊరంతా రోడ్డెక్కింది. కాల్పులు జరిగాయి. విమానాలు ఆగాయి, టెలిఫోన్లు మూగపోయాయి, ఓడరేవు గేట్లు మూతపడ్డాయి. బృందంలో మిగతావాళ్ళు రాలేదు, వచ్చిన ఇద్దరూ వెళ్ళలేదు. ప్రపంచానికి మేము లేము, మాకు ప్రపంచం లేదు. వీధి వీధికీ వెదురు అడ్డకట్టలు వేసి కాపలాలు పెట్టుకున్నారు. చౌక్తడాలోని అతిథిగృహం నుంచి ఆ జంట రోజూ పొద్దున్నే నడిచి వచ్చేది. అడ్డకట్ట దగ్గర ఎవరైనా ఆపితే లాన్ సంచి తెరిచి స్కేటు బూట్లు చూపించేదిట. అదేమిటో అర్థంకాక వదిలేసేవాళ్ళు.

మా ప్లాంటు కూడా సమ్మెలో చేరింది. ప్రతి కార్ఖానాలో లాగే మా దగ్గరా సమ్మె కమిటీ ఏర్పడింది, అప్పలస్వామి అధ్యక్షుడయ్యాడు. ముప్పై ఏళ్ళు కంప్రెసర్ పక్కన మాట్లాడిన గొంతు కావడంతో మైకు అవసరం లేదన్నది అతని ప్రధాన అర్హత. కమిటీ తీర్మానం ప్రకారం అమ్మకానికి ఐసు లేదు, ఆసుపత్రికి మాత్రం చేస్తాం. అక్కడ కరెంటు నిలకడగా లేదు. రక్తం సీసాలకి ఐసు కావాలి, ఇంకొక గదికీ కావాలి. ఆ ఇంకొక గది పేరు ఎవరూ పలికేవాళ్ళు కాదు. ఒక తెల్ల వ్యాను వచ్చేది, డ్రైవరు కిందకి దిగకుండా దిమ్మలు ఎక్కించుకుని పోయేవాడు. ట్యాంకు ఎలాగూ నడుస్తోంది కాబట్టి గోదాంలో ఐసు కూడా నడిచింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సాధన చూడ్డానికి వచ్చే జనం పెరిగారు కూడా. ఊళ్ళో అనుకున్న ప్రకారం జరుగుతున్న పని అదొక్కటే.

నేను ఇంజినీరుని కాబట్టి సమ్మెలో ఉన్నానో లేనో ఎవరూ నిర్ణయించలేదు. రోజూ వెళ్ళేవాణ్ణి. ఆ రోజుల అలసట వేరు, పని వల్ల వచ్చేది కాదు. అందరం నిలబడే నిద్రపోతున్నట్టు ఉండేది.

ఆగస్టు చివర్లో ట్యాంకు అతుకు ఊడింది. అది బ్రిటిష్ వాళ్ళు వదిలివెళ్ళిన ట్యాంకు, ఎప్పుడో ఒకప్పుడు ఊడవలసిందే. నేను వెళ్ళేసరికి ఉప్పునీరు చాలామట్టుకు వాగులో కలిసింది. అతుకు వెల్డింగు చేయడం ఒక పూట పని. ఉప్పే లేదు. క్లోరైడ్ డ్రమ్ములు ఓడరేవులో, తాళం వెనక ఉన్నాయి. మామూలు ఉప్పు కూడా కొంతవరకు పనిచేస్తుంది గాని, పడవలు ఆగి ఊళ్ళో కూరలోకే ఉప్పు దొరకని రోజులవి.

కమిటీ ట్యాంకు పక్కనే కూర్చుంది. టాన్ సయామ కూడా వచ్చింది. అప్పలస్వామి ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడాడు.

“ఉప్పునీరు ఊర్లో ఇంకెక్కడా నేదు బాబూ. ఆ పిల్ల కాళ్ళ కింద గొట్టాల్లో ఉన్నదే.”

లెక్క వేశాను. చాపల్లోది, వాటికి కట్టిన చిన్న ట్యాంకులోది కలిపితే, పెద్ద ట్యాంకును అడ్డంగా మూసి నాలుగో వంతులో దిమ్మలు తీయవచ్చు. ఆసుపత్రికి సరిపోతుంది. కాని ఒకసారి తీశాక తిరిగి గోదాంలో ఐసు వేయడం కుదరదు. చేతులెత్తమన్నారు, అన్ని చేతులూ లేచాయి. నాది కూడా. ఇందులో తప్పు నాకు ఇప్పటికీ కనిపించదు.

అప్పుడు ఎవరో అన్నారు, ఆమెని ఒక మాట అడగాలి కదా అని. అందరూ టాన్ సయామ వైపు చూశారు. ఆమె ఇబ్బందిగా కదిలింది. ఎలా అడగను, అడిగితే ఆమె సరేననక తప్పదు, ఇల్లు వదిలి వచ్చిన పిల్లను అలాంటి ఇరకాటంలో పెడతామా అంది. బర్మాలో దీనికి ఆనాదే అని ఒక మాట ఉంది. మన మొహమాటానికి అన్నలాంటిది. మొహమాటంలో మనం ఇబ్బంది పడతాం, ఆనాదేలో ఎదుటివాళ్ళు ఇబ్బంది పడతారేమోనని ముందే మనం ఇబ్బంది పడిపోతాం. తరతరాలుగా ఇక్కడున్న మాకు రెండూ అలవడ్డాయి. అడక్కపోవడమే మర్యాద అని అందరికీ ఒక్కసారే తోచింది. అందరికీ ఒక్కసారే తోచిన విషయాన్ని నేను మామూలుగా అనుమానిస్తాను. ఆ రోజు అంత ఓపిక లేకపోయింది.

ఆ మధ్యాహ్నం జంట అతిథిగృహానికి వెళ్ళాక పంపు పెట్టి గొట్టాలు ఖాళీ చేశాం. మర్నాడు వాళ్ళు వచ్చేసరికి గోదాంలో మడమలోతు నీళ్ళు, అంచున ఒక బల్ల, బల్ల మీద టీ, గారెలు. మా మర్యాదలో లోపం లేదు. టాన్ సయామ విషయం చెప్పింది. లాన్ నీళ్ళ వైపు చూసింది. సంచిలోంచి తీసిన బూట్లను మళ్ళీ సంచిలో పెట్టింది. గు ఏదో అనబోతే చెయ్యి ఎత్తి ఆపి, రేవు మీదకి నడిచింది. ఆ రోజూ, ఆ తరవాతి రోజులూ వాళ్ళు రేవు మీద ఎత్తడాలు మాత్రం చేశారు. విసురు రేవు చెక్కల మీద చేయడానికి లేదు.

“ఆ పిల్ల ఏటీ అన్నేదు సూడు బాబూ. బంగారంలాటి పిల్ల,” అన్నాడు అప్పలస్వామి. వ్యాను మాత్రం రోజూ వచ్చింది.

సెప్టెంబరు మొదట్లో విదేశీయులను తీసుకెళ్ళడానికి ఒక విమానం ఏర్పాటైంది, వాళ్ళిద్దరికీ అందులో చోటు దొరికింది. తరవాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. ఆ నెలలోనే సైన్యం అధికారం తీసుకుంది, సమ్మె ముగిసింది. అప్పలస్వామి కొన్నాళ్ళు ఇన్సేన్‌లో ఉండి వచ్చాడు. అక్కడి రైల్వే వర్క్‌షాపులో కాదు, జైల్లో. వచ్చాక అతని గొంతు తగ్గింది, కంప్రెసర్ దగ్గర అతను చెప్పేది వినిపించేది కాదు. నన్ను ఇంకొక ప్లాంటుకి మార్చారు. చాలాకాలం తరవాత టాన్ సయామ బజారులో కనబడి, ఆ ఎంపికలో పదిహేనేళ్ళ పిల్ల జంట గెలిచిందని, లాన్ విసురులో పడిపోయిందని, ఇప్పుడు ఒక చిన్న ఊళ్ళో పిల్లలకి స్కేటింగ్ నేర్పుతోందని చెప్పింది. ఆ కొన్ని రోజుల ఐసు వల్లే పడిందని నేను అనను. కాదనీ అనను.

వృత్తిపరంగా ఈ ఉదంతం నాకు నేర్పినవి ఉన్నాయి. ఆ తరవాత ఏ ప్లాంటులో చేరినా మొదటి రోజు ఉప్పు నిల్వ చూశాను, రెండో రోజు ట్యాంకు అతుకులు చూశాను. ఎవరి ఐసైనా తీసుకోవలసి వస్తే, జవాబు ఏదైనా తీసుకోకతప్పదని తెలిసినా, ముందు వాళ్ళ ముఖం చూసి అడిగాను. కొందరు కాదన్నారు. వినడం కష్టంగానే ఉండేది. అడగడం ఎందుకు అవసరమో మాత్రం నేను వాళ్ళు విమానమెక్కే ముందురోజే తెలుసుకున్నాను.

ఆ రోజు ఆ జంటకి కమిటీ వీడ్కోలు ఏర్పాటు చేసింది. నీళ్ళు తోడేసిన గోదాంలోనే బల్లలు వేశారు. అప్పలస్వామి పెళ్ళాం తాకేటా నుంచి మల్లెదండ కట్టి తెచ్చింది. అప్పలస్వామి దాన్ని లాన్ మెడలో వేయించి, తన పూర్తి గొంతుతో ఉపన్యాసం ఇచ్చాడు.

“దేశం కాని దేశం నుంచి ఒచ్చిన మా సెల్లెలు! తన కాళ్ళ కింద ఐసు తీసి మా బిడ్డలకి ఇచ్చీసినాది! ఈ రుణం మేం తీర్చుకోలేం!”

కొందరు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు ఆగాక టాన్ సయామ మొత్తం చైనా భాషలో చెప్పింది. లాన్ చివరిదాకా విని, దండ తీసి, పూలు నలగకుండా బల్ల మీద పెట్టింది. తరవాత మెల్లగా, నా వైపు చూస్తూ నాలుగు మాటలంది. టాన్ సయామ తర్జుమా చేసింది.

“నేను ఇవ్వలేదు, మీరు తీసుకున్నారు. అడిగి ఉంటే ఇవ్వనని చెప్పేదాన్ని.”